వంకరకు వేలు, గుండ్రానికి బేరం

చేత్తో చేసిన వస్తువుకు లోపమే అందం అన్న మాటకు ఇప్పుడు విజయవాడలో ఎదురు లేదు. బందరు రోడ్డు షోరూముల్లో, బెంజి సర్కిల్ చుట్టుపక్కల కాఫీ షాపుల్లో, ఆదివారం అనుబంధాల గృహాలంకరణ పేజీల్లో ఇదే పాట. అంచు ఒక పక్కకి ఒరిగి, ఒంటి నిండా వేలి నొక్కులతో, బూడిదరంగు గ్లేజు మీద ఇనుప మచ్చలతో, అడుగు గరుగ్గా వదిలేసిన జపాన్ తరహా స్టోన్‌వేర్ గిన్నె ఒకటి బల్ల మీద ఉంటే ఇంటికి ఆత్మ వచ్చినట్టేనట. ఈ తత్వానికి వాబీ-సాబీ అని పేరు. ఆ పేరు పలకడం వచ్చినవాళ్లు ధర అడగరు.

ఈ వాదాన్ని దాని బలమంతా పెట్టి చెప్పుకుంటే ఇలా ఉంటుంది. యంత్రం నున్నగా, ఒకేలా చేస్తుంది. మనిషి చెయ్యి అలా చెయ్యలేదు. కాబట్టి వంకరే మనిషి సంతకం. జపాన్ వాళ్లు ఈ సంగతి 400 ఏళ్ల కిందటే గ్రహించారు. మన కుమ్మరులు కూడా నున్నటి పని మానేసి ఆ దారికొస్తే బాగుపడతారు. వినడానికి దయగానూ తెలివిగానూ ఉన్న ఈ మూడు మాటల్లో మొదటిది చేతిపనిని కించపరుస్తోంది. రెండోది జపాన్‌ని తప్పుగా చదివింది. మూడోది కుమ్మరి నోటి దగ్గర కూడు లాగేస్తోంది.

చెయ్యి వంకరగానే చేస్తుందన్న మాట సారె దగ్గర కాసేపు నిలబడి చూసినవాడెవడూ అనడు. డెల్టా మట్టి మాట వినే మట్టి కాదు. రేగడి పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని పగుళ్లిస్తుంది. అందుకే కుమ్మరి చెరువు మట్టిని ఎండబెట్టి, కొట్టి, జల్లించి, నానబెట్టి, ఇసుకో బూడిదో పాళ్లు చూసి కలిపి, కాళ్లతో తొక్కుతాడు. మడమ కింద గవ్వ ముక్క తగిలితే ఏరి పారేస్తాడు. అది ఆవంలో కాలి సున్నమవుతుంది, తరవాత తేమ తగిలి ఉబ్బి కుండ ఒంట్లోంచి పెళ్లగా ఊడొస్తుంది. సారె మీద తీసేది సగం కుండే. మూతి, మెడ, భుజం అక్కడ తేల్చి, కింది భాగం మందంగా వదిలి, దారంతో కోసి దించుతాడు. అది కాస్త గట్టిపడ్డాక అసలు పని మొదలవుతుంది. ఎడమ చేత్తో లోపల గుండ్రాయి ఆనించి, కుడి చేత్తో బయటినుంచి చెక్కతో చరుస్తూ కుండని తిప్పుతాడు. రాయికీ చెక్కకీ మధ్య మట్టి సాగి, పలచబడి, అడుగు మూసుకుంటుంది. మందంగా ఉన్న చోట దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది. పలచబడే కొద్దీ చప్పుడు మారుతుంది. కంటికి కనపడని గోడ మందాన్ని చెవితోనూ అరచేత్తోనూ సరిచేసుకుంటూ పోతాడు. చివరికి అతని చేతిలో ఉండేది కొలబద్ద తగలకుండా వచ్చిన గుండ్రం.

ఆ గుండ్రం సోకు కోసం కాదు. గోడ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటే పలచటి చోటు ముందు ఆరి ముడుచుకుంటుంది, మందపు చోటు వెనకబడుతుంది. రెండింటి మధ్యా చీలిక వస్తుంది. ఆరేటప్పుడు తప్పించుకున్నది ఆవంలో విచ్చుతుంది. ఆవంలోనూ తప్పించుకున్నది పొయ్యి మీద, పులుసు సలసల కాగేటప్పుడు ఠప్పుమంటుంది. మూల లేని ఒళ్లయితే మంట అన్ని పక్కలా ఒకేలా పాకుతుంది, వ్యాకోచం ఒకచోట పోగుపడదు. ఎండాకాలం మంచినీళ్ల కుండదీ ఇదే లెక్క. గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు చెమ్మగా బయటికొచ్చి, ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గోడ మరీ మందమైతే నీళ్లు చల్లబడవు, మరీ పలచనైతే కింద మడుగు కడుతుంది. మే నెలలో విజయవాడ ఎండకి తాళే కుండ కావాలంటే ఆ మధ్య మందం ఒళ్లంతా నిలవాలి. పెళ్లిలో అరివేణి కుండలు ఒకదాని మీద ఒకటి నిలబెడతారు. కింది కుండ మూతి ఒరిగితే పైది నిలవదు.

అందుకే మన ఇళ్లలో కుండ కొనడానికి ఒక పరీక్ష ఉండేది. పెద్దావిడ కుండని ఎడమ చేతి మీద నిలిపి, కుడి చేతి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే బుట్టలోకి, బొద్దుగా పలికితే పక్కకి. నేల మీద పెట్టి తిప్పి చూసేది, మూతి చుట్టూ వేలు తిప్పి చూసేది. తప్పు దొరికితే కుమ్మరి మారు మాట్లాడకుండా ఇంకొకటి తీసిచ్చేవాడు. ‘ఇది నా చేతి సంతకమమ్మా’ అని అతను ఎన్నడూ అనలేదు. తన పని బాగుందో లేదో ఇద్దరికీ తెలుసు గనక.

డెల్టాలోనే పుట్టిన కూచిపూడిని తీసుకోండి. తరంగం చేసేటప్పుడు నర్తకి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబుతో తాళం తప్పకుండా కదులుతుంది. అడుగు తడబడి నీళ్లు ఒలికితే, ఆహా, ఎంత మానవీయం అని చప్పట్లు కొడతామా? అక్కడ మనిషి గొప్పతనం తడబాటులో లేదని పసివాడికీ తెలుసు. మట్టి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చదువుకున్నవాళ్లకి అది మరుపుకొస్తుంది.

ఇక ‘స్టోన్‌వేర్’ అంటూ కొత్తగా కళ్లు తెరుస్తున్నవాళ్లకి ఒక మాట. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో స్టోన్‌వేర్ లేని వంటిల్లు మొన్న మొన్నటిదాకా లేదు. దాని పేరు ఆవకాయ జాడీ. పైన ముదురు గోధుమరంగు, కింద మీగడ రంగు, మూత మీద గుండీ లాంటి పిడి. తమిళనాడు సరిహద్దులోని రాణిపేటలో పారీ కంపెనీ వంటివి చేసిన ఈ సరుకు దక్షిణాదిన ఇంటింటికీ చేరింది. కుమ్మరి ఆవం వేడి మామూలుగా 900 డిగ్రీల లోపే ఉంటుంది. జాడీని 1200 డిగ్రీలు దాటించి కాలుస్తారు. ఆ వేడికి మట్టిలోని సిలికా కొంత కరిగి, రంధ్రాలన్నీ మూసుకుపోయి, ఒళ్లు రాయిలా గట్టిపడుతుంది. అది అవసరం కూడా. ఆవకాయంటే ఉప్పు, ఆవపిండి, కారం, నూనె, మామిడి పులుపు ఏడాది పొడుగునా ఒకే చోట ఉండాలి. సత్తు గిన్నెనైతే ఆ పులుపు తినేస్తుంది. మామూలు కుండలో పోస్తే నూనె, ఉప్పునీరు గోడలోకి దిగి, ఉప్పు బయట పూసి, ఒళ్లు పొరలు పొరలుగా రాలుతుంది.

అట్లాంటి జాడీకి అంచు వంకరగా ఉంటే మూత కూర్చోదు. వాసెన కట్టిన గుడ్డ ఒక పక్క బిగుతుగా, ఒక పక్క వదులుగా ఉంటుంది. గ్లేజులో వెంట్రుకవాసి చీలిక ఉంటే నూనె అందులో దూరి, కడిగినా పోకుండా కంపు కొట్టి, మరుసటి ఏడు పచ్చడికి బూజు అంటిస్తుంది. జాడీ కొనేటప్పుడు మన అమ్మమ్మలు లోపలికి చెయ్యి పెట్టి అడుగంతా తడిమి చూసింది ఇందుకే. సంవత్సరం తిండి పణంగా ఉన్న చోట లోపాన్ని ముద్దు చేసినవాళ్లు లేరు. లోపం ముద్దొచ్చేది గిన్నెకి పనేమీ లేనప్పుడే. గోడ బీరువాలో దీపం కింద కూర్చునే గిన్నె ఎంత వంకరగా ఉన్నా ఎవరి పచ్చడీ చెడదు.

‘ఇందులో మన మట్టి వాసన ఉందండీ’ అని అమ్మకందారులు చెప్పే మాట కూడా నిలవదు. ఇనుము ఎక్కువున్న మన ఒండ్రుమట్టిని 1200 డిగ్రీలకి తీసుకెళ్తే గిన్నె నిలవదు; ఉబ్బి, కుంగి, కరిగి కూర్చుంటుంది. స్టోన్‌వేర్‌కి అంత వేడిని తట్టుకునే వేరే మట్టి కావాలి. అది బస్తాల్లో లారీ ఎక్కి వస్తుంది. పైగా రంధ్రాలు మూసుకుపోయిన ఒంటికి నీళ్లు పోసినా వాసన రాదు. తొలకరి చినుకు వాసన ఇచ్చేది తక్కువ వేడిలో కాలిన కుమ్మరి కుండే. వాసన ఇచ్చే వస్తువు పక్కనే ఉండగా దాన్ని కాదని, వాసన పేరు చెప్పి ఇంకో వస్తువుని అమ్ముతున్నారు.

రెండో మాట జపాన్ గురించి. అక్కడ జరిగిందేమిటో తెలుసుకుంటే ఈ వాదం సగం దానంతటదే కూలుతుంది. 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యూ అనే తేనీటి గురువు ఆడంబరమైన చైనా పాత్రల్ని పక్కనపెట్టి, చోజిరో అనే పనివాడి చేత నల్లటి, మెత్తటి రాకు గిన్నెలు చేయించాడు. అవి సారె మీద తీసినవి కావు, చేత్తో కట్టి, కత్తితో చెక్కినవి. వాటిలో కనిపించే అణకువ వెనక పెద్ద లెక్క ఉంది. జపాన్‌లో గిన్నెని చేతిలోకి తీసుకుని పెదవికి ఆనిస్తారు. అంచు పెదవికి గుచ్చుకోకూడదు, అలాగని జారిపోకూడదు. పొడి తేయాకును నీళ్లతో గిలకొట్టే వెదురు కుంచె తిరగడానికి లోపలి అడుగు వెడల్పు సరిపోవాలి. వేడి నీళ్లు పోస్తే అరచెయ్యి కాలకూడదు, అయినా వెచ్చదనం తెలియాలి. కాబట్టి అసలైన పనితనం చూడాలంటే గిన్నెని బోర్లించాలి. అడుగున నిలబడే కట్టు ఎంత ఎత్తుండాలి, గ్లేజు ఎక్కడ ఆగాలి, గిన్నె బరువు కంటికి కనిపించేదానికన్నా ఎంత తేలికగా తోచాలి అన్న వాటికోసం అక్కడి పనివాళ్లు జీవితాలు పెట్టారు. మన షోరూముల్లో గిన్నెలు కొనేవాళ్లలో దాన్ని బోర్లించి చూసేవాళ్లు ఎందరు?

రిక్యూ శిష్యుడు ఫురుతా ఓరిబె కాలంలో మాత్రం గిన్నెల్ని కావాలనే వంచారు. ఇది నిజం, దాచాల్సిన పని లేదు. కానీ వంచినవాళ్లు ముందు సరిగ్గా తీయగలిగినవాళ్లు. కొన్నవాళ్లు సరిగ్గా ఉన్నవి ఇంట్లో నిండుగా ఉన్నవాళ్లు. రిక్యూ కొలిచిన ప్రభువు హిదెయోషికి గోడలన్నీ బంగారు రేకు తాపిన తేనీటి గది ఉండేది. బంగారం చూసి చూసి మొహం మొత్తినవాళ్లకి మట్టి రుచించింది. అదే దేశంలో 17వ శతాబ్దం తొలినాళ్ల నుంచి అరిటాలో అద్దంలా మెరిసే తెల్లటి పింగాణీ తయారైంది. జపాన్‌కి దాని మీద ఉన్న గర్వం తక్కువదేమీ కాదు. జపాన్ అంటే వంకర గిన్నె అని నమ్మడం ఆ దేశంలో సగాన్ని చెరిపేయడమే.

ఈ కథలో మన తీరానికీ పాత్ర ఉంది. 1605 నుంచి మచిలీపట్నంలో వర్తకం చేసిన డచ్చి కంపెనీయే 1650ల చివర నుంచి అరిటా పింగాణీని యూరప్‌కి ఓడల కొద్దీ తరలించింది. కోరమాండల్ తీరపు అద్దకం బట్టల్ని జపాన్‌కి చేర్చిందీ వాళ్లే. అక్కడ ఆ బట్టకి సరస అని పేరు. తేనీటి గురువులు దాన్ని ఎంత అపురూపంగా చూశారంటే, తేయాకు డబ్బీలకీ పాత్రలకీ ఆ గుడ్డతో సంచులు కుట్టించుకున్నారు. గరుకు గిన్నెని మెచ్చిన ఆ చేతులే, రేఖ మీద రేఖ తప్పకుండా పడి, ఎన్ని ఉతుకులకీ రంగు పోని మన అద్దకాన్ని కూడా మెచ్చాయి. అంటే వాళ్లు మెచ్చింది లోపాన్ని కాదు. గిన్నెలోనైనా గుడ్డలోనైనా తెలిసి చేసిన పనిని మెచ్చారు.

వాబీ-సాబీ భక్తులు తరచూ తలిచే పేరు యనగి సోయెత్సు. సామాన్యుల చేతిపనులకి ఉద్యమ రూపం ఇచ్చి, 1936లో టోక్యోలో జానపద కళల మ్యూజియం తెరిచినవాడు. క్యోటోలోని దైతోకుజి ఆలయ ఆవరణలో భద్రపరిచిన కిజాయెమోన్ అనే గిన్నె గురించి ఆయన రాసిన వ్యాసం ప్రసిద్ధం. జపాన్ జాతీయ నిధిగా గుర్తించిన ఆ గిన్నె జపాన్‌ది కాదు, 16వ శతాబ్దపు కొరియాది. దాన్ని దగ్గర ఉంచుకున్నవాళ్లకి ఒంటి మీద కురుపులు లేస్తాయని ఒక కథ కూడా ఉంది. యనగి చెప్పేదేమిటంటే, అది పేదవాళ్లు అన్నం తినే మామూలు గిన్నె, దాన్ని చేసినవాడు అందం కోసం గానీ లోపం కోసం గానీ పాకులాడలేదు, అందుకే అది అందంగా ఉంది. కావాలని వికారంగా చేసిన గిన్నెల్ని ఆయన ఒప్పుకోలేదు. రాకు గిన్నెల్లోని తెచ్చిపెట్టుకున్న వంకరని కూడా తప్పుపట్టాడు. ఈ రోజు విజయవాడ షోరూములో ఆయన పేరు చెప్పి అమ్మే గిన్నెల్లో చాలావాటిని చూస్తే ఆయన మొహం తిప్పుకునేవాడు.

అయితే యనగితో కూడా నాకు పేచీ ఉంది. కొరియా కుమ్మరి ఏమీ తెలియకుండా, ఆలోచన లేకుండా చేశాడు కనక అందం వచ్చిందట. రోజూ కుప్పలు కుప్పలుగా గిన్నెలు తీసేవాడికి ఏ మట్టి ఎంత సాగుతుందో, ఏ వేగంలో ఎక్కడ చెయ్యి తీయాలో తెలియదని ఎలా అనగలం? ఆలోచన వేళ్లలోకి దిగిపోయింది గనక చూసేవాడికి ఆలోచన లేనట్టు కనిపించింది. చదువుకున్న పెద్దమనిషి చదువుకోని పనివాణ్ణి మెచ్చుకునేటప్పుడు చేసే పాత పొరపాటే ఇది: పనిని పొగిడి బుర్రని తీసేయడం. మన దగ్గర కూడా కుమ్మరి పనిని ‘అమాయకమైన అందం’ అని రాసేవాళ్లు ఇదే చేస్తున్నారు.

కుమ్మరి మొల్ల అని మనం ఆప్యాయంగా పిలుచుకునే కవయిత్రి విషయంలో కూడా ఇలాగే మోసపోయాం. తన రామాయణం మొదట్లో తనకి ఆ శాస్త్రం తెలియదు, ఈ లక్షణం తెలియదు అని ఆమె వరసగా చెప్పుకుంది. ఆ వరస చదివితే తెలియనివాళ్లకి ఆ పేర్లన్నీ ఎలా తెలుస్తాయన్న అనుమానం రావాలి. అణకువ మాటకీ పనితనానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఆమె పద్యాలు చూపిస్తాయి. రిక్యూ గిన్నెలోని పేదరికం కూడా అలాంటి అణకువే. దాన్ని అక్షరాలా నమ్మి, సరిగ్గా చేయడం రాని పని కూడా గొప్ప పనే అనుకోవడం చదువరి తప్పు.

ఆ గిన్నెల ‘ప్రశాంతత’ గురించి మాట్లాడేవాళ్లు ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. 1592 నుంచి 1598 దాకా హిదెయోషి కొరియా మీద చేసిన దండయాత్రల్లో జపాన్ ప్రభువులు అక్కడి కుమ్మరుల్ని కుటుంబాలతో సహా పట్టుకొచ్చారు. హాగి, సత్సుమా, అరిటా ఆవాల పుట్టుకలో ఆ బందీల చెమట ఉంది. ఆ యుద్ధాన్ని కుండల యుద్ధమని కూడా అంటారు. లోపం కావాలనుకున్నవాళ్లెవరూ సముద్రం దాటి పనివాళ్లని ఎత్తుకుపోరు.

వంకరే చేతి సంతకం అన్న వాదాన్ని ఇప్పుడు యంత్రమే ఎగతాళి చేస్తోంది. నున్నటి గుండ్రటి గిన్నె చేయడానికి యంత్రానికి ఎంత కష్టమో, నొక్కున్న గిన్నె చేయడానికీ అంతే కష్టం. ఒక్క వంకర గిన్నె నుంచి ప్లాస్టర్ అచ్చు తీస్తే, మట్టిని జారుగా కలిపి అందులో పోసి, వందల కొద్దీ వంకర గిన్నెలు తీయొచ్చు. ఇనుప మచ్చలు కావాలంటే గ్లేజులో ఇనుము కలిసిన పొడి చల్లితే చాలు. ఒక షోరూములో ‘పూర్తిగా చేతిపని, ప్రతిదీ ప్రత్యేకం’ అన్న చీటీతో అమ్ముతున్న గిన్నెల్ని ఒకదానిలో ఒకటి పెట్టి చూశాను. బొటనవేలి నొక్కు మీద బొటనవేలి నొక్కు, ఒరుగు మీద ఒరుగు, అతికినట్టు కూర్చున్నాయి. దొంగ సంతకం పెట్టడం ఇంత తేలికైనప్పుడు ఆ సంతకం దేనికీ సాక్ష్యం కాదు.

మూడో మాట, అంటే కుమ్మరులకి చేస్తున్న ఉపదేశం, అన్నిటికన్నా ప్రమాదకరం. శిక్షణ శిబిరాల్లో జరుగుతున్నది ఇదే. చదువుకొచ్చిన డిజైనర్ అమ్మాయి ఒక పెద్దాయన పక్కన కూర్చుని చాలా మర్యాదగానే చెప్పింది: “బాబాయ్ గారూ, మరీ గుండ్రంగా తీస్తున్నారు. కాస్త చేతి గుర్తు ఉంచండి, అదే అమ్ముడుపోతుంది.” ఆయన సారె ఆపకుండానే అన్నాడు: “గుర్తెందుకమ్మా, చేసింది చెయ్యే గదా!” ఆ పిల్ల నోట్లో మాట లేదు. ఆయన మాత్రం సాయంత్రానికి చెప్పినట్టే చేశాడు. వేలితో నొక్కి, అంచు ఒంచి, వరసగా పెట్టాడు. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్నారు పెద్దలు. తండ్రి దగ్గర, తాత దగ్గర చరిచి చరిచి తెచ్చుకున్న చేతిని చెరపడానికి ఒక్క ఫ్యాషన్ చాలు.

ఇక్కడే ఈ వాదంలోని అసలు కపటం బయటపడుతుంది. డిజైనర్ స్టూడియోలో తయారైన గిన్నె బల్ల మీద ఊగితే అది వాబీ-సాబీ. బజారులో కుమ్మరి కుండ ఊగితే అది ఓటి సరుకు. స్టూడియో గిన్నె అంచు వంకరైతే వేలు పెట్టి కొంటారు. కుమ్మరి కుండ మూతి కాస్త పక్కకి పోతే ‘వంకరగా ఉంది, పది తగ్గించు’ అంటారు. లోపమే అందమైతే ఆ పది ఎందుకు తగ్గాలి? ఇంకో పది పెంచాలి గదా! అంటే ధర లోపానికి పలకడం లేదు. షోరూము దీపాలకీ, ఇంగ్లీషు చీటీకీ, చేసినవాడి కులానికీ చదువుకీ పలుకుతోంది. లోపాన్ని ప్రేమిస్తున్నామన్నవాళ్లు కుమ్మరి పక్కకి తీసిపెట్టిన కుండల గుట్ట దగ్గరికి ఒక్కసారి కూడా రాలేదు.

ఈ జబ్బు ఒక్క మట్టికే కాదు. కృష్ణ దాటితే మంగళగిరి. ‘చిన్న చిన్న లోపాలు చేనేత సహజ లక్షణం’ అని చీరకి తగిలించే చీటీ చూసే ఉంటారు. మంగళగిరి చీరకి పేరొచ్చింది మగ్గం పలక గుద్దుకీ గుద్దుకీ తేడా లేని నేత వల్ల, అంచు సూటిగా నిలవడం వల్ల. దారం తెగిన చోట చీటీ అడ్డం పెట్టడం నేతగాడికి రక్షణ కాదు, మధ్యవర్తికి రక్షణ. పెడనలో కలంకారీ అచ్చులు అద్దేటప్పుడు ఒక అచ్చు గీత పక్కన రెండో అచ్చు రంగు సరిగ్గా పడకపోతే పువ్వు అంచు దాటి రంగు పొర్లుతుంది. అద్దేవాడికి అది సిగ్గు. ఇంగ్లీషువాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగింది ఆ సిగ్గున్న పనివాళ్లని వెతుక్కుంటూనే. కొండపల్లిలో తెల్లపొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆకురాయితో నున్నగా చేసి, సున్నం పూసి ఆ పైన రంగేస్తారు. అతుకు కనపడకుండా చేయడమే అక్కడ కళ. దశావతారాల బొమ్మల్లో ముక్కు వంకరైతే బాగుంటుందని వాళ్లకి చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా?

ఈ వాదంలో ఒక నిజం ఉంది, దాన్ని ఒప్పుకుందాం. ప్లాస్టిక్ డబ్బాల మధ్య, ఒకే అచ్చులోంచి ఊడిపడ్డ పళ్లేల మధ్య విసిగినవాడికి మనిషి తాకిన వస్తువు కావాలనిపించడం సహజం, మంచిది కూడా. కానీ పని వదిలే గుర్తు వేరు, పనిలో తప్పు వేరు. సారె మీద వేళ్లు నడిచిన సన్నటి చారలు గుర్తు. ఆవంలో పొగ సోకిన చోట ఎర్రటి కుండ మీద నల్లటి నీడ గుర్తు. జపాన్‌లోని షిగరాకి, బిజెన్ ఆవాల్లో రోజుల తరబడి మండిన కట్టెల బూడిద ఎగిరి గిన్నె భుజం మీద కరిగితే వచ్చిన మెరుపు గుర్తు. వీటివల్ల కుండ కారదు, ఊగదు, పగలదు. పని ఎలా జరిగిందో చెబుతాయంతే. ఊగే అడుగు తప్పు. పెదవిని గీసే అంచు తప్పు. పసుపు మరక దిగి ఎంత తోమినా పోని లోపలి గరుకు తప్పు. పులుసు, పప్పు తినే మన ఇంట్లో అది రోజూ కనిపించే తప్పు. గుర్తుని మెచ్చుకునే కన్ను తప్పుని పట్టుకోగలగాలి. రెండూ ఒకటేనని నేర్పేవాళ్లు కంటిని చెడగొడుతున్నారు.

స్టోన్‌వేర్ చేసే మన స్టూడియో కళాకారుల మీద నాకు కోపం లేదు. వాళ్లలో మంచి పని తెలిసినవాళ్లున్నారు. రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టాక దక్షిణాదిన ఈ పనికి ఒక గట్టి బడి ఏర్పడింది. డెబొరా స్మిత్ జపాన్‌లో నేర్చుకుని వచ్చిన మనిషి. ఆమె అక్కడినుంచి తెచ్చింది వంకర కాదు, రోజూ తినడానికి పనికొచ్చే గట్టి పాత్రల్ని క్రమశిక్షణతో చేసే పద్ధతి. ఢిల్లీ సర్దార్ గురుచరణ్ సింగ్ అంతకు చాలా ముందే, 1919లో జపాన్ వెళ్లి, యనగి, కుండల కళాకారులు హమదా షోజి, బెర్నార్డ్ లీచ్‌ల సావాసంలో మట్టి గురించి నేర్చుకుని, తిరిగొచ్చి దేశంలో స్టూడియో పాటరీకి పునాది వేశారు. జపాన్ నుంచి నేర్చుకోవాల్సింది బోలెడుంది. అక్కడ పనివాడికి దక్కే గౌరవం, ఆవానికి ఊళ్లో ఉన్న చోటు, తరతరాల పేర్లు జనానికి గుర్తుండటం నేర్చుకోవాలి. మనం ఇవన్నీ వదిలేసి నొక్కుని మాత్రం తెచ్చుకున్నాం.

కరెంటు సారె వస్తే ‘చేతి ఆత్మ’ పోతుందని బాధపడేవాళ్లు కూడా ఈ వర్గమే. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్మరులకి కరెంటు సారెలు ఇచ్చే పథకం పెట్టింది. బరువైన పాత సారెని కర్రతో తిప్పి, అది వేగం తగ్గేలోపు కుండ మూతి తేల్చుకోవడం భుజాలు విరిచే పని. వేగం నిలకడగా ఉంటే చెయ్యి ఇంకా సరిగ్గా పనిచేస్తుంది, నడివయసులోనే నడుం పోదు. పనివాడి నొప్పిని ఆత్మ అనుకుని కొనేవాడికి అది కష్టంగా ఉంటే ఉండనివ్వండి. కుమ్మరికి కావాల్సింది మంచి మట్టి తవ్వుకునే హక్కు, ఆవం పెట్టుకునే జాగా, సరైన పనికి సరైన ధర. డెల్టాలో చెరువులు చేపల గుంటలై, ఖాళీ జాగాలు ప్లాట్లై పోతున్నప్పుడు ఆ మూడింటి కోసం నోరెత్తనివాళ్లు అతని వేలిముద్ర గురించి కవిత్వం చెప్పడం న్యాయం కాదు.

కొనేవాళ్లకి నా సలహా సూటిగా చెబుతాను. గిన్నెని బోర్లించి అడుగు చూడండి. బల్ల మీద పెట్టి ఊగుతుందేమో చూడండి. అంచు చుట్టూ వేలు తిప్పండి, కణుపుతో కొట్టి వినండి, నీళ్లు పోసి కాసేపు ఆగండి. తప్పుంటే తప్పని చెప్పండి. చేసినవాడు స్టూడియోవాడైనా కుమ్మరి వాడవాడైనా ఒకే మాట చెప్పండి. ఈ పరీక్షలన్నీ నెగ్గిన కుండ మీకు రోడ్డు పక్కన దొరికితే, వంకర గిన్నెకి ఇచ్చే వేలల్లో కనీసం కొన్ని వందలు బేరం లేకుండా ఇవ్వండి. లోపాన్ని క్షమించే దయ కుమ్మరికి అక్కర్లేదు, అతను అడగనూ లేదు. సరిగ్గా చేసినదానికి ఆ ధర ఇవ్వడం ఇష్టం లేనివాళ్లు స్టీలు గిన్నె కొనుక్కోవడం మేలు. అందులో కనీసం కపటం లేదు.